ఆరంతస్తుల తీర్పు

ఆ భవనంలో సినిమాహాలు ఆరో అంతస్తులో ఉంది. టిక్కెట్ల కౌంటరు కూడా అక్కడే. కింద బట్టల కొట్టు, మధ్యలో ఒక పళ్ళ డాక్టరు, ఒక లాయరు, కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు, ఏనాడూ తాళం తియ్యని రెండు గదులు. వీటన్నిటి నడుమ ఒక ముసలి లిఫ్టు. ఇనుప గ్రిల్లు తలుపు, ఇత్తడి మీట, ఎనిమిదిమందికి చోటు, మూలన ఒక స్టూలు. ఆ లిఫ్టు చుట్టూ మెట్లు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. రెంటికీ మధ్య తీగల కంచె తప్ప గోడ లేదు. లిఫ్టులో ఉన్నవాళ్ళకి మెట్ల మీద నడిచేవాళ్ళు కనిపిస్తారు, వాళ్ళకి వీళ్ళు కనిపిస్తారు.

ఆ లిఫ్టు నడిపే ఆయన్ని అందరూ జడ్జిగారు అంటారు. నల్లకోటు వేసుకుని కాదు, ఆయన ఒంటిమీద ఉండేది మోచేతుల దగ్గర వెలిసిపోయిన ఖాకీ చొక్కాయే. సినిమాల మీద ఇచ్చే తీర్పుల వల్ల వచ్చిన పేరది. సొంత పేరు హాజరు పుస్తకంలో ఉంది, దాన్నక్కడే ఉండనిద్దాం.

శుక్రవారం ఆయనకు సెలవు. కొత్త బొమ్మ పడేదీ ఆ రోజే. లోకంలో జనం సెలవురోజున ఇంట్లో పడుకుంటారు, గడ్డం గీసుకుంటారు, పెళ్ళాం చెప్పిన పని చేస్తారు. ఈయన మాత్రం రోజూ వచ్చే టైముకే వచ్చి, తన లిఫ్టులోనే, ఆ పూటకి మీట పట్టుకున్న వాచ్‌మన్ నడుపుతుంటే వంకలు పెడుతూ పైకెళ్ళి, మొదటి ఆట చూస్తాడు. ఇక శనివారం పొద్దున్నుంచి లిఫ్టు ఎక్కినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "జడ్జిగారూ, ఎలా ఉంది?"

కింద నుంచి ఆరో అంతస్తుకి నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లలో తీర్పు ముగించాలి, అదీ ఆయన పెట్టుకున్న పద్ధతి. మొదటి అంతస్తు దాటేలోపు అది ఏ రకం సినిమాయో చెబుతాడు. రెండు, మూడు అంతస్తుల్లో కథ, అదీ సగమే. నాలుగులో నటులు. అయిదులో లోపాలు. ఆరులో గ్రిల్లు తెరుస్తూ ఆఖరి మాట: "చూడొచ్చు" అనో, "మీ ఇష్టం" అనో. మీ ఇష్టం అన్నాడంటే ఆ సినిమాకి ఉరిశిక్ష పడ్డట్టే. పాత బేరాలకి ఆ సంగతి తెలుసు. గ్రిల్లు తెరిచినా దిగకుండా, "సరే, కిందికే పోనివ్వండి" అనేవాళ్ళు.

ఆయన తీర్పులు ఊరికే పోసుకోలు కబుర్లు కావు. దెయ్యం సినిమా వచ్చిన వారం ఏమన్నాడో తెలుసా? "దెయ్యం మొదటి అరగంటలో కనిపించకూడదండీ. కనిపించాక అది దెయ్యం కాదు, చుట్టం. ఈ సినిమాలో పదో నిమిషానికే వచ్చి కూర్చుంది. ఇంటర్వెల్‌కి దానిమీద నాకు జాలేసింది." ఆ తర్వాతి వారం కొట్లాట సినిమా. "హీరో ఒక్కడు, రౌడీలు ముప్పైమంది. ఒక్కొక్కడే వచ్చి తన్నులు తిని పోతాడు, మిగతావాళ్ళు తమ వంతు కోసం చేతులు కట్టుకుని నిలబడతారు. అంత క్రమశిక్షణ నా లిఫ్టు దగ్గర ఒక్కరోజు చూసినా నా జన్మ తరించేది." ప్రేమ సినిమాకి మూడో అంతస్తులోనే ముగించేశాడు. "వాళ్ళిద్దరూ ఒక్క ఫోను చేసుకుంటే పది నిమిషాల్లో అయిపోయే కథ. చేసుకోరు. మనం రెండున్నర గంటలు కూర్చోవాలి."

హత్య సినిమాల దగ్గర మాత్రం ప్రాణం పోయినా హంతకుడెవరో చెప్పడు. ఒకసారి లాయరుగారు, "పోనీ ఆడా మగా అదైనా చెప్పవయ్యా" అని బతిమాలితే, "ప్లీడరుగారూ, మీ క్లయింట్ల సంగతి నేనెప్పుడైనా అడిగానా?" అన్నాడు.

తెరమీద లిఫ్టు కనిపించిందా, ఇక ఆయన్ని పట్టలేం. బ్యాంకు దొంగలు లిఫ్టు కప్పు తెరుచుకుని పైకి పాకుతారు చూడండి, అది చూస్తే ఆయనకి ఒళ్ళు మండుతుంది. "ఆ మూత లోపలినుంచి రాదండీ! బయటినుంచే తియ్యాలి. లోపలున్నవాడు ఎంత మొనగాడైనా లోపలే ఉంటాడు." ఈ మాట ఆయన నవ్వుతూనే అనేవాడు. విన్నవాళ్ళూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో మీట పట్టుకున్న మనిషి పందొమ్మిదేళ్ళుగా ఆ లోపలే ఉన్నాడన్న సంగతి ఎవరికీ తట్టేది కాదు.

ఉన్నాడు మరి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఎనిమిదిమంది ఎక్కితే మీట తిప్పడానికి మోచెయ్యి ఆడదు. ఎవరూ ఎక్కకపోతే ఫ్యాను చప్పుడు. ఇంటికి పోతే ఒక గది, ఒక వంటిల్లు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ చేతికి అందుతుంది. ఆ మధ్య అంతరిక్షం సినిమా ఒకటొచ్చింది. అందులో ముగ్గురు మనుషులు రాకెట్‌లో రెండేళ్ళు చిక్కుకుపోయి పిచ్చెక్కి ఏడుస్తారు. హాల్లో జనం ముక్కులు చీదుకున్నారు. ఈయన శనివారం, "వాళ్ళ గది నా లిఫ్టుకి రెండింతలుంది, కిటికీ కూడా ఉంది, ఏం రోగమండీ వాళ్ళకి?" అన్నాడు. అయితే తెరమీద ఖాళీ మైదానం కనిపిస్తే చాలు, కథ ఎంత చెత్తగా ఉన్నా సగం క్షమించేసేవాడు. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆయన తీర్పుని అందరూ సరదాకి అడిగితే, అవసరంగా అడిగే ఆవిడ ఒకతె ఉండేది. నర్సమ్మ. నలభై ఏళ్ళుంటాయి, పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు ఆవిడది. నెలకో ఆదివారం మధ్యాహ్నం ఖాళీ దొరికేది. ఆ పూట తిన్నగా ఈ లిఫ్టు దగ్గరికి వచ్చేది. కథ అడగదు, నటులెవరో అడగదు. ఆవిడది ఒకటే ప్రశ్న.

"జడ్జిగారూ, ఆసుపత్రి ఉందా?"

మొదటిసారి ఆయనకి అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. "నెలంతా అక్కడే ఉంటానండీ. ఇక్కడ కూడా మంచాలూ సెలైన్ సీసాలూ చూడలేను. అవి లేకపోతే చాలు, బొమ్మ ఎంత బాగోకపోయినా చూసేస్తాను. ఫోనులో వెతికితే కథంతా చెప్పేస్తున్నారు. మీరైతే ఆ ఒక్కటే చెబుతారు."

అప్పట్నుంచి ఆయన సినిమా చూసే తీరే మారింది. తెరమీద తెల్లకోటు కనిపిస్తే చాలు, చేతి గడియారం చూసుకునేవాడు. "ఉందమ్మా, కానీ హీరో కాలికి కట్టు, రెండే నిమిషాలు. ఇంటర్వెల్ అయిన పావుగంటకి వస్తుంది, అప్పుడు కళ్ళు మూసుకోండి" అని చెప్పేవాడు. ఒక్కోసారి, "వద్దమ్మా, ఈ వారం ఇంటికెళ్ళి పడుకోండి" అనేవాడు. ఆవిడ మారు మాట్లాడకుండా అదే లిఫ్టులో దిగిపోయేది. ఇన్నేళ్ళ కొలువులో తన మాటకి అంత విలువిచ్చిన మనిషి ఆయనకి ఇంకొకరు లేరు. భార్య కూడా ఇవ్వలేదు. "మీతో సినిమాకి వస్తే బొమ్మ ఒకటి, మీ సణుగుడు ఒకటి, రెండూ భరించాలి" అని ఆవిడ ఏనాడో మానేసింది.

ఇలా ఉండగా, ముసలి లిఫ్టు తీసేసి బటన్లు నొక్కితే దానంతటదే నడిచే కొత్త లిఫ్టు పెట్టాలని భవనం వాళ్ళు తీర్మానించారు. నెల రోజుల గడువు. కొత్తదానికి మనిషి అక్కర్లేదు.

సినిమాహాలు మేనేజరు చెడ్డవాడేం కాదు. ఒకరోజు ఖాళీ లిఫ్టు చూసుకుని ఎక్కి, మూడో అంతస్తు దగ్గర ఆపమన్నాడు.

"హాలు తలుపు దగ్గర టార్చిలైటు పట్టుకునే ఆయన వచ్చే నెలలో మానేస్తున్నాడు. ఆ పని మీకిస్తాను. రోజుకి నాలుగాటలు, చల్లటి హాలు, తెర ఎదురుగా నిలబడొచ్చు. మీకంటే దానికి తగినవాళ్ళు ఎవరున్నారు చెప్పండి?"

జడ్జిగారు మీట మీంచి చెయ్యి తీసేశాడు. హాలు అంటే ఎంత ఎత్తు కప్పు, ఎంత పెద్ద తెర! చేతులు చాపితే ఏదీ తగలని చోటు.

"కానీ ఒకటుంది" అన్నాడు మేనేజరు. "పోయిన వారం పదకొండుమంది పైదాకా వచ్చి మీ మాట విని టిక్కెట్టు కొనకుండా దిగిపోయారు. నేను లెక్కపెట్టాను. హాలు మనిషి హాలు బొమ్మని తిట్టకూడదు కదా. ఈ నెలరోజులూ 'మీ ఇష్టం' అన్న మాట మానెయ్యండి. అడిగితే బాగుందనండి, హాయిగా ఉందనండి. అంతే నేను కోరేది."

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. కుట్టుమిషను ఆపకుండానే విన్నది.

"ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఆయన అబద్ధం చెప్పమనడం లేదు, నిజం మింగమంటున్నాడు, అంతేగా?"

"రెండూ ఒకటే కాదూ?"

"ఒకటే అయితే మనం ఇన్నేళ్ళు కాపురం చేసేవాళ్ళమా?" అని దారం కొరికింది. తర్వాత మిషను ఆపి, గొంతు తగ్గించి, "ఈ వయసులో మీకు ఇంకో పని ఎవరిస్తారండీ?" అంది. ఆయన కిటికీ వైపు చూశాడు. గోడ కనిపించింది.

మొదటి రెండు వారాలు నోరు కట్టేసుకున్నాడు. రాజుల కాలం కత్తుల సినిమా వచ్చింది; అందులో యుద్ధానికి పోయే సైనికుడి ముంజేతి మీద గడియారం మచ్చ తెల్లగా కనిపిస్తోంది. ఆ ఒక్క ముక్క చెప్పలేక ఆయన నాలుక ఎంత దురద పెట్టిందో ఆయనకే తెలుసు. "బాగుందండీ" అన్నాడు. జనం ఆశ్చర్యపోయారు. "జడ్జిగారు మెత్తబడ్డారే!" అన్నారు. ఆయనకి మాత్రం ఆ నాలుగడుగుల పెట్టె మూడడుగులైనట్టు అనిపించింది. ఇంతకాలం అందులో కాస్త చోటున్నది ఆ మాటకే, ఇప్పుడదీ పోయింది.

మూడో వారం ఒక హాస్య సినిమా పడింది. పోస్టరు నిండా రంగురంగుల బుడగలు, నవ్వుతున్న పాప. శుక్రవారం చూశాడు. మొదటి సగం నిజంగా కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. ఇంటర్వెల్ తర్వాత ఆ పాపకి జబ్బు. అక్కణ్ణుంచి అంతా వార్డే: మంచం, సీసా, గొట్టాలు, మంచం పక్కన బొమ్మ. ఆఖరికి మంచం ఖాళీ. నవ్వించి నవ్వించి గొంతు కోయడమంటే ఇదేనని ఆయనకి ఒళ్ళు మండింది. గడియారం చూసుకున్నాడు. గంటా అయిదు నిమిషాలు.

ఆదివారం మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. వస్తుందని ఆయనకి తెలుసు, రాకుండా ఉంటే బాగుండునని పొద్దున్నుంచీ అనుకుంటున్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది. ఆవిడ వెనకాలే ఇంకో అయిదుగురు ఎక్కారు. గ్రిల్లు వేయబోతుంటే, "ఆగండాగండి" అంటూ మేనేజరు ఎక్కాడు.

మొదటి అంతస్తు దాటింది.

"ఈసారి గట్టిగా నవ్వాలండీ జడ్జిగారూ" అంది ఆవిడ. "ఈ వారం ఏం బాగోలేదు. నిన్న మా వార్డులో ఒక మంచం ఖాళీ అయింది. ఆరేళ్ళ పిల్ల."

రెండు, మూడు దాటాయి.

"ఇది నవ్వుల సినిమాయేగా?"

"అవునమ్మా. మొదటి సగం పొట్ట చెక్కలే."

నాలుగు దాటింది. "మరి ఆసుపత్రి ఉందా?"

అడకత్తెరలో పోకచెక్క అని వినడమే గానీ అదెలా ఉంటుందో ఆయనకి అప్పుడు తెలిసింది. వీపు వెనక మేనేజరు ఊపిరి మెడకి తగులుతోంది. "ఉంది" అన్నది ఒక్క మాట. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. చల్లటి హాలు, ఎత్తయిన కప్పు, భార్య అడిగిన ప్రశ్న, అన్నీ దానికి అడ్డం పడ్డాయి. అయిదో అంతస్తు దాటుతుంటే, "లేదమ్మా" అన్నాడు.

"హమ్మయ్య" అంది ఆవిడ. ఆరులో గ్రిల్లు తెరిచాడు. మేనేజరు దిగుతూ ఆయన భుజం తట్టాడు.

తర్వాత గంటన్నర ఆయన కిందే స్టూలు మీద కూర్చున్నాడు. ఇంటర్వెల్ గంట వినపడింది. అది అయిపోయిన గంట కూడా వినపడింది. గడియారం చూసుకున్నాడు. ఇరవై నిమిషాలకి పైన హాలు తలుపు తెరిచిన చప్పుడైంది. గంట కొడతారేమో, లిఫ్టు పైకి తీసుకెళ్ళాలేమో అని లేచి మీట పట్టుకున్నాడు. గంట మోగలేదు. మెట్ల మీద ఒక్క మనిషి చెప్పుల చప్పుడు వినపడింది.

జడ్జిగారు గ్రిల్లు లాగి లిఫ్టు పైకి పోనిచ్చాడు. నాలుగుకీ అయిదుకీ మధ్య ఆవిడ కనిపించింది. మెట్ల కమ్మీ పట్టుకుని మెల్లగా దిగుతోంది. మీట వదిలేశాడు. లిఫ్టు అక్కడే ఆగింది. కంచెకి అటు ఆవిడ, ఇటు ఈయన. మధ్యలో జానెడు దూరం.

"అమ్మా, నాలుగులో ఆపుతాను, ఎక్కండి."

"ఫర్వాలేదండీ. నడుస్తాను."

ఆవిడ ఆగలేదు. ఆయన గ్రిల్లు తెరవలేడు; అంతస్తు దగ్గర తప్ప అది తెరుచుకోదు. కిందికి తిప్పాడు. నాలుగులో ఆపి తలుపు తీసి నిలబడ్డాడు. ఆవిడ తల వంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయింది. మూడులో ఆపాడు. వెళ్ళిపోయింది. రెండులో, ఒకటిలో కూడా అంతే. అలా నాలుగంతస్తులు ఆవిడ మెట్ల మీద, ఆయన పెట్టెలో, పక్కపక్కనే దిగారు. దిగి రెండడుగులు ఆవిడతో నడుద్దామంటే మీట దగ్గర మనిషి లేకుండా లిఫ్టు వదలకూడదన్న నిబంధన ఆయన ఒంటికి పందొమ్మిదేళ్ళుగా పట్టేసి ఉంది.

కింద తర్వాతి ఆటకి జనం పోగవుతున్నారు. బట్టల కొట్టులో పని చూసుకుని మేనేజరు కూడా పైకి వెళ్ళడానికి అక్కడే నిలబడి ఉన్నాడు. నర్సమ్మ ఆఖరి మెట్టు మీద కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవడం లేదు. కాసేపటికి ఆయన వైపు చూసింది, కోపంగా కూడా కాదు.

"మీరింకా ఆ సినిమా చూడలేదు కదూ జడ్జిగారూ?" అంది. "ఈ శుక్రవారం ఏదో పనిపడి ఉంటుంది. పోస్టరు చూసి చెప్పుంటారు. చూసుంటే మీరు నాకు చెప్పకుండా ఉండేవారు కాదు."

ఆవిడ ఆయనకి దారి చూపించింది. ఒక్క మాటతో బయటపడొచ్చు. అవునమ్మా, చూడలేదు, పొరపాటైంది అంటే ఆవిడా క్షమిస్తుంది, మేనేజరూ సంతోషిస్తాడు, టార్చిలైటూ దక్కుతుంది. తలుపు అంత బార్లా తెరుచుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

"చూశానమ్మా" అన్నాడు. "శుక్రవారం మొదటి ఆటే చూశాను. రెండో సగమంతా ఆసుపత్రే. గంటా అయిదు నిమిషాలు. మీకోసం గడియారం కూడా చూసుకున్నాను."

మేనేజరు తన చెప్పులవైపు చూసుకున్నాడు.

"మరెందుకండీ?" అంది ఆవిడ.

"హాల్లో పని ఇస్తామన్నారు. బొమ్మ బాగుందని చెబితే."

ఆవిడ తల ఊపింది. లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడు.

"నాకు నెలకి ఒక్క పూటండీ" అంది. "ఇక మీదట ఎవర్ని అడగను?"

అని బయటి ఎండలోకి నడిచి వెళ్ళిపోయింది. ఆయన గ్రిల్లు పట్టుకుని అలా చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ వీధి దాటింది. ఒక బస్సు అడ్డం వచ్చింది. బస్సు వెళ్ళిపోయాక అక్కడ ఎవరూ లేరు.

పైనుంచి గంట మోగింది. ఏడుగురు ఎక్కారు, ఎనిమిదోవాడు మేనేజరు. మేనేజరు వెనక మూలకి ఆనుకుని నిలబడ్డాడు. జడ్జిగారు గ్రిల్లు లాగి మీట పైకి తిప్పాడు. కొత్తగా వచ్చిన పెద్దావిడెవరో, కింద జరిగింది సగమే విన్నట్టుంది, "ఇంతకీ ఎలా ఉందండీ సినిమా?" అని అడిగింది.

"నవ్వుల సినిమా అని వేశారమ్మా" అని మొదలుపెట్టాడు. రెండు దాటింది, మూడు దాటింది. ఎక్కడ నవ్వొస్తుందో చెప్పాడు, పాప ఎంత బాగా చేసిందో చెప్పాడు. అయిదులో, ఇంటర్వెల్ నుంచి ఆఖరిదాకా ఆసుపత్రేనని, పిల్లలున్నవాళ్ళూ పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళూ చూడలేరని చెప్పాడు. ఒక్క ముక్క కూడా మింగలేదు. అది వినాల్సిన మనిషి ఈపాటికి బస్సులో కూర్చుని ఉంటుంది.

ఆరులో గ్రిల్లు తెరిచి, "మీ ఇష్టం" అన్నాడు.

మేనేజరు దిగి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళాడు. నలుగురు ఆయన వెనకే వెళ్ళారు. పెద్దావిడా ఇంకో ఇద్దరూ దిగలేదు. హాలు తలుపు తెరుచుకుని మూసుకునేలోపు చీకట్లో వెలుగుతున్న తెర ముక్క ఒక్క క్షణం కనిపించింది. జడ్జిగారు అటే చూశాడు. తర్వాత గ్రిల్లు లాగి, మీట కిందికి తిప్పాడు.